ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి ఉండని టికెట్: డోయిచ్‌లాండ్ టికెట్‌తో నా ఏడాదిన్నర

మా నాన్న ఖమ్మం డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. 2024 అక్టోబర్‌లో నేను ఎమ్మెస్‌కి జర్మనీలోని సార్‌బ్రూకెన్ వచ్చిన మొదటి వారం, ఫోన్‌లోకి వచ్చిన నా టికెట్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఆయనకు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఇందులో ఎక్కడ ఎక్కావో, ఎక్కడ దిగాలో రాసి లేదేంటమ్మా? చెకింగ్ వాళ్లు ఒప్పుకోరు" అన్నారు. ఇది నెల పాస్ నాన్నా అంటే, "మరి ఎన్ని కిలోమీటర్లకి?" అని అడిగారు. లిమిట్ లేదు, దేశం మొత్తం తిరగొచ్చు అంటే చాలాసేపు నమ్మలేదు. నిజానికి దేశం మొత్తమే కాదు, కొన్ని చోట్ల సరిహద్దు దాటి పక్క దేశం మొదటి స్టేషన్ దాకా కూడా చెల్లుతుంది. ఏడాదిన్నరగా నేను తిరిగిన తిరుగుడంతా దాని మీదే. తక్కువ డబ్బుతో యూరప్ చూడాలనుకుని ఇక్కడికి వచ్చే మన స్టూడెంట్ల కోసం, నాకు తెలిసినంతా రాస్తున్నాను.

టికెట్ పేరు డోయిచ్‌లాండ్ టికెట్. 2022 వేసవిలో మూడు నెలల పాటు నెలకు 9 యూరోల టికెట్ ఒకటి పెట్టారు. దాని తర్వాత 2023 మేలో ఇది మొదలైంది. అప్పట్లో నెలకు 49 యూరోలు, 2025 జనవరిలో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. స్టూడెంట్లకు ఒప్పందం ఉన్న యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజుతో కలిపి అసలు ధరలో 60 శాతానికే ఇస్తారు. నా మొదటి సెమిస్టర్‌లో అది నెలకు 29.40, ఆరు నెలలకు 176.40 యూరోలు పడింది. ఇప్పుడు నెలకు 37.80.

ఏ రైళ్లలో చెల్లుతుందో మన ఆర్టీసీ భాషలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆర్‌బీ అని రాసి ఉండే రైలు పల్లె వెలుగు లాంటిది, ప్రతి ఊళ్లో ఆగుతుంది. ఆర్‌ఈ ఎక్స్‌ప్రెస్ లాంటిది, పెద్ద ఊళ్లలోనే ఆగుతుంది. ఈ రెండింటిలో, ఊళ్లలో తిరిగే సిటీ బస్సులు, ట్రామ్‌లు, మెట్రోల్లో ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ఐసీ, ఈసీ, ఐసీఈ అని ఉండేవి మన గరుడ బస్సుల లాంటివి. వాటిలో ఈ టికెట్ చెల్లదు. తెలియక ఎక్కినా సరే, టికెట్ లేనట్టే లెక్క.

దీన్ని నేను ఎందుకింత ఇష్టపడతానో చెప్పాలంటే డబ్బు సంగతి ముందు చెప్పాలి. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే నా బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. అందులో రూమ్ అద్దె, 140 యూరోలు దాటిన హెల్త్ ఇన్సూరెన్స్, ఫోన్, బియ్యం, కూరగాయలు పోగా మిగిలేది ఎంతో ఇక్కడున్న ప్రతి స్టూడెంట్‌కీ తెలుసు. పారిస్‌కి ఒక బస్ టికెట్ చూస్తే మనసు వెంటనే దాన్ని రూపాయల్లోకి మార్చేస్తుంది, యాప్ మూసేస్తాం. ఈ టికెట్‌లో ఆ లెక్క ఉండదు. డబ్బు ముందే కట్టేశాం. శనివారం పొద్దున లేచి ఎండ బాగుందనిపిస్తే చాలు, బ్యాగ్ తగిలించుకుని స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు. సాయంత్రానికి మన గదికే తిరిగొచ్చి పడుకుంటాం కాబట్టి హాస్టల్ ఖర్చు కూడా ఉండదు. నిజంగా మిగిలే డబ్బు అదే. బస్సో విమానమో చౌకగా దొరికినా, రాత్రి ఉండటానికి ఒక మంచం అద్దెకు తీసుకోగానే ఆ ఆదా మొత్తం పోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయాణం లక్సెంబర్గ్‌ది. ఆ దేశంలో 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సులు, ట్రామ్‌లు, రైళ్లు అందరికీ ఉచితం. ఆ ఊరివాళ్లకే కాదు, వచ్చిపోయే వాళ్లకి కూడా. రైల్లో ఫస్ట్ క్లాస్‌కి మాత్రం డబ్బు కట్టాలి. సార్‌బ్రూకెన్ నుంచి ఆర్‌ఈ ఎక్కితే గంటలో ట్రియర్, అక్కడ రైలు మారితే ఇంకో గంట లోపే లక్సెంబర్గ్ నగరం. సరిహద్దు దాకా మన డోయిచ్‌లాండ్ టికెట్, అది దాటి వాసర్‌బిల్లిగ్ నుంచి ఉచితం. అంటే దేశం మారినా జేబులోంచి ఒక్క సెంటు తీయక్కర్లేదు. ఇది చెప్పినప్పుడు అమ్మ, "మాకూ ఫ్రీయే కదే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, మొన్న అమ్మమ్మ వాళ్ల ఊరికి అలాగే వెళ్లొచ్చా" అంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాక అమ్మ తన చెల్లెళ్ల ఇళ్లకు ముందుకంటే ఎక్కువ వెళ్తోంది. టికెట్ డబ్బులు అడగాల్సిన అవసరం లేకపోతే మనిషి ఎంత తేలిగ్గా కదులుతుందో నాకు ఇక్కడికొచ్చాక బాగా అర్థమైంది.

లక్సెంబర్గ్ నగరం లోయకి ఒకవైపు పైన, ఒకవైపు కింద ఉంటుంది. పైనున్న పాత ఊరి నుంచి కింద ఫాఫెంతాల్ పేటకి అద్దాల లిఫ్ట్ ఉంది. అదీ ఉచితమే. కింద నుంచి ఎదురు కొండ మీదికి పట్టాల మీద నడిచే చిన్న పెట్టె లాంటి బండి ఉంది, అందులోనూ టికెట్ అడగరు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ లిఫ్ట్‌లో మూడుసార్లు ఎక్కి దిగాను. మధ్యాహ్నం కోట గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ప్రయాణానికి పులిహోరని మించింది లేదు. పొద్దున కలిపింది రాత్రి దాకా పాడవదు, చల్లారినా బాగుంటుంది, వాసన పక్కవాళ్లని ఇబ్బంది పెట్టదు. ఆదివారాలు జర్మనీలో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. స్టేషన్‌లో ఒక శాండ్‌విచ్ కొనే డబ్బుతో ఇంట్లో రెండు రోజులు వండుకోవచ్చు.

రెండోసారి లక్సెంబర్గ్‌కి ఇంకో దారిలో వెళ్లాను. అందరూ తప్పక వెళ్లాల్సిన దారి అది. ట్రియర్ నుంచి మోసెల్ నది పక్కనే వెళ్లే చిన్న రైలు పెర్ల్ అనే ఊళ్లో దింపుతుంది. అది జర్మనీలో చివరి ఊరు. స్టేషన్ నుంచి కొంచెం నడిచి నది మీద వంతెన దాటితే అవతల ఉన్న ఊరి పేరు షెంగెన్. యూరప్ వెళ్లడానికి తీసుకునే వీసాని మనమంతా షెంజెన్ వీసా అని పిలుస్తామే, ఆ పేరు ఈ ఊరిదే. 1985 జూన్ 14న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు ఇక్కడ నది మీద ఒక ఓడలో కూర్చుని, తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేయాలని ఒప్పందం చేసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1995 మార్చిలో అది అమల్లోకి వచ్చింది. మూడు దేశాలు కలిసే చోటు కాబట్టి దీన్ని ఎంచుకున్నారు.

ఊరు చిన్నది. ద్రాక్ష తోటలు, నది, పెట్రోల్ బంకులు, ఒక మ్యూజియం. హైదరాబాద్‌లో వీసా అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూసిన రోజులు, ఫైల్‌లో కాగితాలు నాలుగుసార్లు సర్దుకున్న ఆ పొద్దుట టెన్షన్ అన్నీ ఆ వంతెన మీద గుర్తొచ్చాయి. జాకెట్ లోపలి జేబులో పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు ఉన్నాయి. ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు. అటు నడిచి, ఇటు నడిచి, మళ్లీ అటు నడిచాను. నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. తర్వాత లక్సెంబర్గ్ బస్సు ఎక్కి, డబ్బు లేకుండానే నగరానికి వెళ్లిపోయాను.

ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ విషయంలో మాత్రం కొంచెం ఆలోచించాలి. సార్‌బ్రూకెన్ నుంచి అక్కడికి నేరుగా రైలు ఉంది, రెండు గంటల లోపే వెళ్తుంది, కానీ దానికి వేరే టికెట్ కొనాలి. డోయిచ్‌లాండ్ టికెట్ మీదే వెళ్లాలంటే నోయ్‌స్టాట్, కార్ల్స్‌రూహె మీదుగా చుట్టు తిరిగి కేల్ చేరాలి. దాదాపు నాలుగు గంటలు. 2024 డిసెంబర్‌లో నేను, మా ఫ్లాట్‌లో ఉండే భీమవరం అక్క అలాగే వెళ్లాం. కేల్ జర్మనీలోనే ఉంటుంది. అక్కడి నుంచి రైన్ నది దాటే ట్రామ్ ఉంది, 2017 నుంచి నడుస్తోంది. లేదా పాదచారుల వంతెన మీద నడిచి ఫ్రాన్స్‌లోకి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు నడిచాం, చలికి ముక్కు పనిచేయడం మానేసింది. వచ్చేటప్పుడు ట్రామ్ టికెట్ కొన్నాం.

స్ట్రాస్‌బర్గ్‌లోని కెథెడ్రల్ అనే పెద్ద చర్చి ముందు నిలబడి తల ఎత్తి చూస్తే ఇంత దూరం చుట్టు తిరిగి వచ్చినందుకు ఏమీ అనిపించదు. 142 మీటర్ల ఎత్తు, ఎర్రటి ఇసుకరాయి. 1647 నుంచి 1874 దాకా, రెండు వందల ఏళ్లకు పైగా ప్రపంచంలో ఇదే ఎత్తైన కట్టడం. లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు. చుట్టూ క్రిస్మస్ మార్కెట్. 1570 నుంచి పెడుతున్నారు. అక్క అక్కడ వాళ్ల అమ్మ కోసం ఒక చిన్న గాజు పిట్టని కొంది. రూమ్‌కి వచ్చేసరికి రాత్రి పదకొండున్నర. ఈ ఒక్క ఊరికి మాత్రం, నెలాఖరు కాకపోతే, నేరుగా వెళ్లే రైలుకే డబ్బు పెట్టమంటాను. ఎనిమిది గంటలు రైళ్లలో పోతే ఊరు చూడటానికి నాలుగు గంటలే మిగులుతాయి.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా కూడా ఈ టికెట్ చెల్లుతుంది. మ్యూనిక్ నుంచి రెండు గంటలు. నా ఇంటర్ ఫ్రెండ్ మ్యూనిక్‌లో చదువుతోంది కాబట్టి ముందురోజు వాళ్ల రూమ్‌లో పడుకుని వెళ్లాను. సార్‌బ్రూకెన్ నుంచి మ్యూనిక్‌కి ఈ చిన్న రైళ్లలో వెళ్లడం అంటే ఒక రోజంతా పోయినట్టే, నడుము నొప్పి పుడుతుంది. ఆ కోట, మోజార్ట్ పుట్టిన ఇల్లు, నది చాలా అందంగా ఉన్నాయి. కానీ దారిలో తెలిసినవాళ్లెవరూ లేకపోతే ఇంత దూరం ఈ టికెట్ మీద పెట్టుకోవద్దు. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు చూశారు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటి దగ్గరా మళ్లీ తనిఖీలు పెట్టింది. నా ఎదురు సీట్లో ఉన్న ఒక అబ్బాయి రెసిడెన్స్ కార్డు ఫోటో మాత్రమే చూపించాడు. అతన్ని దింపి తీసుకెళ్లారు. ఫోటో పనికిరాదు. అసలు పాస్‌పోర్ట్, అసలు కార్డు రెండూ దగ్గర ఉండాలి, పక్క ఊరి కొండ ఎక్కడానికి వెళ్తున్నా సరే, అది సరిహద్దు అవతల ఉంటే.

ఇప్పుడు నన్ను ఏడిపించిన రోజు గురించి. గత ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం తిరిగొస్తున్నాను. రైలు పన్నెండు నిమిషాలు ఆలస్యమైంది. మారడానికి నాకున్న టైం ఎనిమిది నిమిషాలు. ఒక చిన్న జంక్షన్‌లో దిగేసరికి నా రైలు వెనక ఎర్ర లైట్లు కనిపించాయి. ఆ రాత్రికి అదే ఆఖరిది. మంచు పడుతోంది, వెయిటింగ్ రూమ్‌కి తాళం వేసుంది, ఫోన్‌లో ఛార్జ్ తొమ్మిది శాతం. భీమవరం అక్కకి ఫోన్ చేస్తే తను తెలిసినవాళ్లని అడిగి, ఇరవై కిలోమీటర్ల అవతల ఉండే ఒక నెల్లూరు కుటుంబాన్ని పట్టుకుంది. అంతవరకూ నా మొహం కూడా చూడని ఆ అన్నయ్య కారేసుకుని వచ్చారు. వదిన వేడి వేడి చారన్నం పెట్టింది. వాళ్ల రుణం నేను తీర్చుకోలేను. కానీ ప్రతి ఒక్కరికీ అలాంటి వాళ్లు దొరకరు. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. రైలు మారడానికి పదిహేను నిమిషాల కంటే తక్కువ ఉంటే ఆ దారి వద్దు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆఖరి రైలుకి ముందు రైలే నా ఆఖరి రైలు.

పారిస్‌కి మాత్రం రాత్రి బస్సులో వెళ్లాను, ఎందుకంటే ఫ్రాన్స్ లోపల డోయిచ్‌లాండ్ టికెట్ చెల్లదు. జర్మనీలో 2013 జనవరి దాకా ఊళ్ల మధ్య దూరప్రయాణ బస్సులకు చాలా వరకు అనుమతి ఉండేది కాదు. రైళ్లకు పోటీ రాకూడదని పాత చట్టం. అది మార్చాక బస్సులు ఒక్కసారిగా పెరిగాయి. ముందుగా కొంటే చౌకే. నేనెక్కిన బస్సు, కంపెనీ పేరు ఇక్కడ రాయను, రెండు గంటల పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. స్టాప్ అంటే రోడ్డు పక్కన ఒక స్తంభం. షెడ్ లేదు, బాత్రూమ్ లేదు, రాత్రి ఒంటిగంట. ఒంటరిగా ఉన్న అమ్మాయిలకి అలాంటి చోటు నేను చెప్పను. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. లేదా నెలన్నర ముందే చూసుకుని పగటి రైలు టికెట్ పట్టండి.

పారిస్ వెళ్లేవాళ్లకి ఒక మంచి మాట. మీకు 26 నిండకపోతే, జర్మనీ రెసిడెన్స్ కార్డు చూపిస్తే లూవ్ర్ మ్యూజియం ఉచితం. 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండి యూరప్ ఆర్థిక ప్రాంతంలో నివసించే వాళ్లందరికీ ఆ వీలు ఉంది, పౌరసత్వం చూడరు. మా బ్యాచ్‌లో ముగ్గురు తెలియక డబ్బు కట్టి వెళ్లారు, విన్నాక నాకే బాధేసింది.

విమానాల గురించి ఎక్కువ చెప్పను. టికెట్ చౌకగా కనిపిస్తుంది, కానీ ఏ ఎయిర్‌పోర్టో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఉంటే అది ఫ్రాంక్‌ఫర్ట్‌కి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మా ఊరి నుంచైతే లక్సెంబర్గ్ ఎయిర్‌పోర్ట్ నయం, సరిహద్దు దాటాక దాని గుమ్మం దాకా ట్రామ్ ఉచితం. సెమిస్టర్ సెలవుల్లో నాలుగైదు దేశాలు ఒకేసారి చూడాలనుకునే వాళ్లు, చాలా యూరప్ దేశాల రైళ్లలో చెల్లే ఇంటర్‌రైల్ పాస్ చూడొచ్చు. యూరప్‌లో నివాసం ఉంటే మన పాస్‌పోర్ట్‌తోనే కొనొచ్చు, 27 ఏళ్ల దాకా యూత్ ధర. అయితే నివాసం ఉన్న దేశంలో వెళ్లడానికి ఒకసారి, రావడానికి ఒకసారి మాత్రమే వాడుకోవచ్చు. ఫ్రాన్స్, ఇటలీల్లోని వేగం రైళ్లకి సీటు రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి.

నా లెక్కలో డోయిచ్‌లాండ్ టికెట్‌కి ఐదుకి నాలుగు. మూడు గంటల లోపు ఊళ్లకి ఐదుకి ఐదు. ఐదు గంటలు దాటితే రెండు. రైళ్లు చూసుకునే యాప్‌లో ప్రాంతీయ రైళ్లు (ఆర్‌బీ, ఆర్‌ఈ) మాత్రమే చూపించమని పెట్టుకోండి, లేకపోతే ఐసీఈలు కూడా కలిపి చూపిస్తుంది. టికెట్ మీ పేరు మీదే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వకూడదు. అది ఫోన్‌లో ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్ తప్పనిసరి. ఛార్జ్ అయిపోయింది అంటే చెకింగ్ వాళ్లకి టికెట్ లేనట్టే. బాత్రూమ్ రైల్లోనే చూసుకోండి, పెద్ద స్టేషన్లలో డబ్బు కట్టాలి. నీళ్ల సీసా పారేయొద్దు, ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి.

ఈ జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. టూరిస్టులు కూడా ఈ టికెట్ కొనొచ్చు, స్టూడెంట్ ధర ఉండదు, ఒక్కొక్కరికి 63. నెలనెలా దానంతటదే కొనసాగుతుంది కాబట్టి జూన్ 10 లోపు రద్దు చేయాలి, లేకపోతే జూలై డబ్బు కూడా కట్ అవుతుంది. క్యాలెండర్‌లో 5వ తేదీకే అలారం పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్దాం నాన్నా అని అడిగితే పారిస్ అనలేదు. వీడియోలో చూసిన ఆ వంతెన దాటాలట, ముందు పెర్ల్ తీసుకెళ్లమన్నారు.